మీ మామయ్యని తీసెయ్

రేపల్లె
4 నవంబరు 2024

సుజనా,

అత్తయ్య ఉత్తరం రాసిందేంటని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. నా మోకాలు నొప్పి అలాగే ఉంది, దానికీ నాకూ అలవాటైపోయింది. ఫోన్లో చెప్పే సంగతైతే ఫోన్లోనే చెప్పేదాన్ని. మా ఇంట్లో ఫోను సంగతి నీకు తెలుసుగా! మీ మామయ్య ఏ ఫోనొచ్చినా స్పీకర్లో పెడతారు. ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరైన మనిషి, చివరి సీటు దాకా వినపడాలి. వాట్సాప్ పెడతావా, నాకంటే ముందు ఆయనే చదివేసి, "రిబ్కా, నీకు మెసేజి వచ్చింది, ఇదీ సంగతి" అని వంటింట్లోకొచ్చి చెబుతారు. అందుకే ఈ కవరు ప్రశాంతి చేతికిచ్చాను. రోజూ మీ వీధిలోంచి రైల్లో వచ్చి ఇక్కడ బ్యాంకులో పని చేసుకుని పోయే పిల్ల ఉండగా నాకు పోస్టాఫీసుతో పనేంటి?

సంగతేంటంటే, నాకో ఫొటో కావాలి. సూర్యలంకలో, సముద్రం మీద పొద్దు పొడుస్తూ ఉండాలి. నేను కుర్చీలో కూర్చోవాలి. నా వెనక ఒక పక్క మీ నాన్న, ఇంకో పక్క మీ మామయ్య నిలబడాలి.

నవ్వకు. ఆ ఇద్దరికీ మాటల్లేక రెండేళ్ళయిందని నాకూ తెలుసు. మీ తెనాలి చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసప్పుడు, అంతమంది ముందు అన్నయ్య చెయ్యెత్తి పాట ఆపేసి, "బావా, ఇది బస్సు కాదు. నువ్వు పాడక్కర్లేదు, పెదాలు కదుపు చాలు" అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. హెడ్మాస్టరు బుద్ధి, రిటైరైనా పోలేదు! ఈయన పాటల పుస్తకం మూసి బల్ల మీద పెట్టి బయటికొచ్చేశారు. అంతే. అన్నయ్య పొరపాటైందనడు, ఈయన తెనాలి రానంటారు. "నువ్వెళ్ళు, నేనెందుకు" అంటారు. నేనొక్కదాన్నే వచ్చినప్పుడు అన్నయ్య గుమ్మంలో నన్ను చూసి "బావేడీ" అని అడుగుతాడేమోనని చూస్తాను. అడగడు. మంచినీళ్ళు తెమ్మని మీ అమ్మకి చెబుతాడు. అలా పుట్టింటికి వెళ్ళడం నా వల్ల కావడం లేదే. పోయిన క్రిస్మస్‌కి మానేశాను. ఈసారి కూడా మానేస్తే ఇక అలవాటైపోతుంది. నా భయమంతా అదే.

నువ్వు పెళ్ళి ఫొటోల్లో రానివాళ్ళని కూడా తెచ్చి నిలబెడతావని ప్రశాంతి చెప్పింది. వీళ్ళని కూడా విడివిడిగా తీసి అతికించు. గోడ మీద తగిలిస్తాను. రోజూ చూసి చూసి ఈయనకి ఏదో ఒక రోజు మనసు మారకపోతుందా!

ఒక్క మాట. ముగ్గురు కలిసి ఫొటో దిగకూడదంటారు. మనం అలాంటివి నమ్మం. కానీ నాలుగో ప్రాణి ఏదైనా ఉంటే చూడు.

నీ మేనత్త,
రిబ్కా

ఇది మీ నాన్న కంట పడిందో, నీ పని చెబుతాను.


తెనాలి
7 నవంబరు 2024

అత్తయ్యకి వందనాలు.

నమ్మనప్పుడు నాలుగో ప్రాణి ఎందుకు తల్లీ?

నీ ఉత్తరం చూసి ముందు నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను. పోయిన క్రిస్మస్‌కి నీకు జ్వరమని అమ్మ చెప్పింది. అది ఏ జ్వరమో ఇప్పుడు తెలిసింది.

సరే, పని సంగతి చెబుతాను. శ్రద్ధగా చదువు. నువ్వడిగిన దాంట్లో రెండు తంటాలున్నాయి. మొదటిది సూర్యుడు. మనుషుల వెనక సూర్యుడుంటే కెమెరాకి రెండూ ఒకేసారి కనపడవు. సూర్యుడు బాగా వస్తే మీరు నల్లగా మసిబొమ్మల్లా వస్తారు. మీ మొహాలు బాగా వస్తే వెనక ఆకాశం తెల్లకాయితం అయిపోతుంది. అందుకని ఒకే చోట నుంచి మూడు తీయాలి. ఒకటి చీకటిగా, ఒకటి మధ్యస్థంగా, ఒకటి వెలుతురుగా. చీకటి దాంట్లోంచి సూర్యుణ్ణి, వెలుతురు దాంట్లోంచి మొహాల్ని తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో కలిపేస్తాం. దాన్నే హెచ్‌డీఆర్ అంటాం. నా పాత కెమెరాకి ప్రతిసారీ సెట్టింగు నేనే మార్చాలి కాబట్టి మూడూ అయ్యేదాకా ఎవరూ కదలకూడదు. కదిలారంటే కలిపాక దయ్యంలా రెండు తలలు కనపడతాయి. మామయ్యకి ఇది గట్టిగా చెప్పు.

రెండోది అతుకు. ఒకే చోట, పొద్దున్న ఒకే సమయానికి ఇద్దరినీ తీయాలి. నాన్న మీద ఎండ ఒక పక్క నుంచి, మామయ్య మీద ఇంకో పక్క నుంచి పడితే పిల్లలు కూడా పట్టేస్తారు. తర్వాత కంప్యూటర్లో ఒక్కొక్కరినీ ఒక్కో లేయరు మీద పెడతాను. గాజు పలకల మీద బొమ్మలు అతికించి దొంతరగా పేర్చినట్టు అనుకో. మనిషి ఒక పలక, వాళ్ళ నీడ ఇంకో పలక. ఏ పలక కావాలంటే అది పెట్టొచ్చు, ఏది వద్దంటే అది దాచెయ్యొచ్చు.

నిన్న వేమూరు పెళ్ళికొడుకు తన వెనక మంచుకొండలు పెట్టమన్నాడు. పెట్టాను. "అంత మంచు పడుతుంటే పెళ్ళిపందిట్లో మామిడాకులు వాడిపోలేదేంటమ్మా?" అని వాళ్ళ బామ్మ అడిగింది. మన పని అలా ఉంటుంది.

మామయ్యతో మీ పెళ్ళిరోజు ఫొటో అని చెప్పు. నాన్నకి కొత్త లెన్సు పరీక్ష అని నేను చెబుతాను. వెలుతురు గురించి నాకేం తెలీదని ఆయన నమ్మకం, తప్పకుండా నేర్పడానికి వస్తాడు. 16వ తేదీ శనివారం మీరు రండి.

అతికించడం నా పని, రోజూ చేసేదే. వాళ్ళు నిజంగా అతకడం మాత్రం నా చేతిలో లేదు.

నీ సుజన


రేపల్లె
18 నవంబరు 2024

బంగారుతల్లీ,

క్షేమంగా చేరాం. ఆ చలిగాలికి మీ మామయ్యకి జలుబు చేసింది. "నీ మేనకోడలు నన్ను మసక చీకట్లో ఇసకలో నిలబెట్టింది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. చెప్పే తీరు చూస్తే అది ఫిర్యాదో గొప్పో తెలియడం లేదు. ఆ కోతి టోపీ తీయమని నువ్వెంత బతిమాలావే! "చెవుల్లో గాలి పోతుందమ్మా" అని కుచ్చు ఊపుకుంటూ నిలబడ్డారు. మంకీ క్యాప్ పెట్టుకుని పెళ్ళిరోజు ఫొటో దిగిన మగాడు ఈ డెల్టా మొత్తంలో ఈయనొక్కరే అయ్యుంటారు.

నీ ముందు అనలేదు గానీ బాపట్ల నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఒక మాటన్నారు. "నా పక్కన అంత చోటు ఖాళీగా ఉంచిందేంటే ఆ పిల్ల?" అన్నారు. ఫొటోకి అదో అందమట అని చెప్పాను. "ఖాళీలో అందమేంటి!" అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి, "పక్క సీటు ఖాళీగా పోతుంటే నాకు తోచదే" అన్నారు. నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

మీ నాన్నని త్వరగా నిలబెట్టు.

నీ కోసం అరిసెలు పంపుతున్నాను, ప్రశాంతికి విడిగా ఇచ్చాను. నీ పొట్లం తగ్గితే దాన్ని అడగకు, మీ మామయ్యని అడగాలి.

రిబ్కా అత్తయ్య


తెనాలి
26 నవంబరు 2024

అరిసెలిచ్చిన అత్తయ్యకి,

అందాయి. మామయ్య పన్ను వసూలు చేసుకున్న గుర్తులు పొట్లంలో ఉన్నాయి.

మొన్న శనివారం నాన్న పని కూడా అయింది. ట్రైపాడ్ పెట్టిన చోట ఇసకలో కర్ర పాతి వచ్చానుగా, అది అలాగే ఉంది. ఆయన ఎలా నిలబడ్డాడనుకున్నావు? స్కూలు ప్రార్థనలో నిలబడ్డట్టే. చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి, వెనక సముద్రాన్ని కూడా క్రమశిక్షణలో పెట్టినట్టు. మూడు నొక్కుళ్ళు అయ్యేదాకా రెప్ప వేస్తే ఒట్టు! నా సర్వీసులో హెచ్‌డీఆర్‌కి ఇంత మంచి మనిషి దొరకలేదు. అయితే నీ కొలత కోసం ఖాళీ కుర్చీ వేశానా, "ఎవరి కోసమే ఇది?" అన్నాడు. ఊరికే అన్నాను. "ఊరికే అయితే వంకరగా ఎందుకుండాలి?" అని కుర్చీ సరిచేసి నిలబడ్డాడు.

కవర్లో చిన్న ప్రింటు పెట్టాను. ఇది నమూనా మాత్రమే. నువ్వు బ్రహ్మాండంగా వచ్చావు. నాన్న విగ్రహంలా వచ్చాడు. మామయ్యతోనే చిక్కు. మూడింట్లోనూ కదిలాడు. టోపీ కుచ్చు మూడు చోట్లుంటే రెండు చెరిపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మొహం మాత్రం మసకబారిపోయింది. నేను చెయ్యగలిగిందంతా చేశాను. ఏం చెయ్యమంటావో చెప్పు.

సుజన


రేపల్లె
29 నవంబరు 2024

సుజనా,

ప్రశాంతి రైలుకి టైమైందని గుమ్మంలోనే నిలబడింది, రెండు ముక్కలు రాస్తున్నాను. ఫొటో చూశాను. అన్నయ్యని నా వెనక చూసుకుని ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఇక ఈయన! చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఆ టోపీ ఏంటి, ఆ మసక మొహం ఏంటి! నీళ్ళలోంచి తీసిన బొమ్మలా ఉన్నారు. ఒక్క నిమిషం కదలకుండా ఉండమంటే ఉండరు కదా మహానుభావుడు! ఇలాంటిది గోడకి పెట్టుకోను.

మీ నాన్న చక్కగా వచ్చాడు, ఆయన జోలికి వెళ్ళకు. మీ మామయ్యని తీసెయ్. ఆలస్యం చెయ్యకు, క్రిస్మస్ లోపు నా గోడ మీద ఉండాలి.

రిబ్కా


తెనాలి
4 డిసెంబరు 2024

అత్తయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. మామయ్యని తీసేశాను.

మనసొప్పలేదు. ఇదంతా మొదలుపెట్టిందే ఆ ఇద్దరినీ ఒక్కచోట చూసుకోవడానికి కదా! ఇంతలో మీ ఇద్దరికీ ఏమైంది? ఫోను చేసి అడుగుదామంటే మామయ్యే ఎత్తుతాడు. ఆయన్ని అడగలేనుగా, "నిన్ను తీసెయ్యమంది, నిజమేనా" అని! నీ అక్షరాలు మూడుసార్లు చదివాను. "మీ నాన్న జోలికి వెళ్ళకు, మీ మామయ్యని తీసెయ్" అని స్పష్టంగా ఉంది. తెలుగు టీచరుగా చేసినదానివి, ఆలోచించే రాసుంటావు అనుకున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకులే అని లేయరు దాచేసి పెద్ద ప్రింటు వేసి ఫ్రేము కట్టించాను. రెండో కాపీ నా బీరువా మీద పెట్టాను.

పొద్దు మాత్రం చాలా బాగా వచ్చింది. అదొక్కటే చూసుకో.

కోపం తగ్గాక రాయి.

సుజన


రేపల్లె
6 డిసెంబరు 2024

ఓసి పిచ్చిమొహమా!

ఆయన్ని తీసెయ్యమన్నది ఫొటోలోంచి కాదే, కెమెరాతో! మళ్ళీ ఒకసారి నిలబెట్టి, చప్పున తీసెయ్ అని! "మళ్ళీ" అన్న ఒక్క మాట రాయడం మరిచాను. పిల్లల కాపీల్లో జారిపోయిన మాటలు పట్టుకుని మార్కులు కోసిన దాన్ని, నాకు ఈ శాస్తి జరగాల్సిందే. అయినా మన భాషకి బుద్ధుండక్కర్లేదా! టోపీ తీస్తే పోతుంది. ఫొటో తీస్తే వస్తుంది. తలుపు తీస్తే తెరుచుకుంటుంది. ఇన్నిటికీ ఒక్కటే మాట పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎలా బతికాం?

ఆ ఫ్రేము ఎవరి చేతిలో పడిందనుకున్నావు? ప్రశాంతి పొద్దున్న బ్యాంకుకి పోతూ పోతూ వాకిట్లో ఉన్న ఈయన చేతికిచ్చి వెళ్ళింది. నేను స్నానం చేసి వచ్చేసరికి కాయితం విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేనూ, అన్నయ్యా, సముద్రం. ఈయన నిలబడ్డ చోట ఇసక.

"బాగుంది" అన్నారు. కోప్పడినా బాగుండును. ఫ్రేము బల్ల మీద పెట్టి, "ఆ రోజు మీ అన్నయ్య నా గొంతు తీసేశాడు. ఇవాళ మనిషినే తీయించేశాడు. పాపం ఆ పిల్లనేం అనకు, తండ్రి చెబితే ఏం చేస్తుంది" అన్నారు. కాదని చెబితే మొదట్నించీ అన్నీ చెప్పాలి. చెప్పేశాను. నమ్మలేదు. "మీ అన్నయ్యని వెనకేసుకురావడానికి ఎంత కథ అల్లావే" అన్నారు.

నాలుగు పూటల నుంచి నాకు కూర బాగుందని గానీ బాలేదని గానీ చెప్పడం లేదు. ఇంట్లో స్పీకరు మోగడం లేదు. ఉన్న అతుకు కూడా ఊడగొట్టుకున్నానే సుజనా! ఏం చెయ్యను?

అత్తయ్య


తెనాలి
9 డిసెంబరు 2024

అత్తయ్యా,

చచ్చాను. ముందు మామయ్య కాళ్ళ మీద నా తరఫున నువ్వే పడు. తర్వాత కూర్చుని ఇది చదువు, ఇక్కడ ఇంకోటి జరిగింది.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే నాన్నకి బీరువా మీది కాపీ దొరికింది. నేను స్టూడియో నుంచి వచ్చేసరికి వరండాలో లైటు వేసుకుని, కళ్ళజోడు మీద భూతద్దం పెట్టి చూస్తున్నాడు. నిన్ను ఎప్పుడు తీశానని అడుగుతాడనుకున్నా. అడగలేదు.

"ఇది ఎవరి నీడే?" అన్నాడు.

చూద్దును కదా, ఇసక మీద నీ నీడ ఉంది, ఆయన నీడ ఉంది, ఆ పక్కన మూడో నీడ పొడుగ్గా కెమెరా దాకా సాగి ఉంది. నేను మామయ్య లేయరు దాచాను గానీ నీడ లేయరు దాచడం మరిచిపోయాను! మనిషి లేడు, నీడ ఉంది. దాని తల మీద కుచ్చు ఒకటి.

నాన్న ఆ కుచ్చు మీద వేలు పెట్టి, "ఇలాంటి టోపీ పెట్టుకుని సముద్రానికి వచ్చేది ముత్తయ్య బావ ఒక్కడే" అన్నాడు. రెండేళ్ళలో ఆయన నోట "బావ" అన్న మాట వినడం అదే. "ఇక్కడ నిలబడ్డాడా? మరెందుకు తీసేశావు?" అన్నాడు. నాకింక దాచే ఓపిక లేదు. నీ మొదటి ఉత్తరం దగ్గర్నుంచి "తీసెయ్" దాకా అన్నీ చెప్పేశాను. పోయిన క్రిస్మస్ జ్వరం సంగతి కూడా చెప్పాను, తిట్టుకో.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఈ ఫ్రేము బావ చూశాడా?" అన్నాడు. చూశాడన్నాను. "నేనుండి ఆయన లేకపోతే నేనే తీయించానని అనుకోడూ? నేనైనా అదే అనుకుంటాను" అన్నాడు. లేచి వెళ్ళి చొక్కా వేసుకున్నాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు. అప్పుడే రేపల్లె బయల్దేరతానన్నాడు. ఆ గుమ్మంలో ఇద్దరూ మళ్ళీ ఏం మాటలనుకుంటారోనని అమ్మే ఆపింది.

చివరికి ఏమన్నాడంటే, "నాకు చెప్పడం చేతకాదు సుజీ. నిలబడమంటే నిలబడతాను. బావ వస్తాడేమో కనుక్కో" అన్నాడు. 14వ తేదీ శనివారం, సూర్యలంక, అదే కర్ర దగ్గర. మామయ్యకి ఆ ఫ్రేములో నీడ చూపించు. ఎవరు కనిపెట్టారో కూడా చెప్పు.

సుజన


రేపల్లె
11 డిసెంబరు 2024

సుజనా,

చూపించాను. ముందు చూడనన్నారు. తర్వాత నేను వంటింట్లోకి వెళ్ళగానే ఫ్రేము వెలుగులోకి పట్టుకెళ్ళారు. తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. తల అటూ ఇటూ వంచి తన నీడ తనే పోల్చుకుంటున్నారు.

"కుచ్చుని బట్టి పట్టాడా మీ అన్నయ్య?" అన్నారు.

"కుచ్చుని బట్టే."

"బావ అన్నాడా, ముత్తయ్య అన్నాడా?"

"ముత్తయ్య బావ అన్నాట్ట."

పులుసు ఇంకాస్త వేయించుకుని తిన్నారు. శనివారం వస్తాం. ఒకటే షరతు, టోపీ పెట్టుకునే దిగుతారట. "లేకపోతే మీ అన్నయ్య నన్ను గుర్తుపట్టడు" అంటున్నారు. ఇంట్లో స్పీకరు మళ్ళీ మొదలైంది, స్తోత్రం.

వాళ్ళిద్దరూ ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారోనని నాకు ఒకటే కంగారు. నువ్వు మాత్రం త్వరత్వరగా ముగ్గురినీ తీసె... వద్దు. ఫొటో పట్టు. ఇంక ఆ మాట ఈ జన్మలో రాయను.

రిబ్కా


తెనాలి
17 డిసెంబరు 2024

అత్తయ్యా,

ఇది నువ్వొక్కదానివే ఉన్నప్పుడు చదువు.

ఆ రోజు ఇద్దరూ ఎదురుపడి "ఎప్పుడొచ్చారు", "ఇప్పుడే" తప్ప ఇంకేం మాట్లాడుకోలేదని, ఇంతేనా అని నువ్వు నా చెయ్యి గిల్లావు. వచ్చేటప్పుడు కూడా నీ మొహం సగమే వెలిగింది. బాపట్లలో టిఫిన్ దగ్గర నాన్న చట్నీ గిన్నె మామయ్య వైపు జరిపితే అదే పదివేలు అనుకుని ఊరుకున్నావు. నీ వెనక ఏం జరిగిందో నీకు తెలీదు. నేను కూడా కెమెరా బటన్లు చూసుకుంటూ సరిగ్గా గమనించలేదు. నిన్న మూడు ఫొటోలూ కంప్యూటర్లో వరసగా తెరిచాక తెలిసింది.

మొదటిది చీకటిది. నాన్న మామూలే, చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో తిరుగుతున్నట్టు. మామయ్య చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తొడల మీద అతికించుకున్నాడు. అప్పుడే నేను "ఎవ్వరూ కదలకండి, ఊపిరి కూడా మెల్లగా" అని అరిచాను. గుర్తుందా? దానికి మామయ్య ఏమన్నాడో చెవులకి కొంగు చుట్టుకున్న నీకు గాలిలో వినపడలేదు. నాకు వినపడింది.

"పెదాలైనా కదపొచ్చా అమ్మా?" అన్నాడు.

రెండో ఫొటో ఆ మాట మీద పడింది. నాన్న తల మామయ్య వైపు తిరిగి ఉంది. కుడిచెయ్యి పైకి లేచి, నీ తల వెనక గాల్లో ఉంది. ఎటు పోవాలో దానికి తెలీదు. మూడోది వెలుతురుది. ఆ చెయ్యి మామయ్య భుజం మీద ఉంది అత్తయ్యా. ఊరికే ఆనడం కాదు, ఆ స్వెట్టరు గుప్పిట్లో పట్టుకున్నాడు. మామయ్య కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. నాన్న నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఎంత పెద్దది చేసి చూసినా నాకు తెలియలేదు. "ఏంటా నవ్వు" అని నువ్వు తిరిగేసరికి నాన్న చెయ్యి వెనక్కి లాగేసుకునుంటాడు. నువ్వు మాత్రం మూడింట్లోనూ నేను చెప్పినట్టే రాయిలా కెమెరా వైపు చూస్తున్నావు. బుద్ధిమంతురాలివి.

ఇప్పుడు నా బాధ విను. వీళ్ళు కదిలారు కాబట్టి మూడూ కలిపితే దయ్యాల కొంపలా ఉంది. నాన్నకి మూడు కుడిచేతులు వచ్చాయి. అదికాక ఆ పసుపు కుక్క ఒకటి ముందు నుంచి పరిగెత్తిందిగా, అది కూడా మూడు చోట్ల ఉంది. నాలుగో ప్రాణి కావాలన్నావు, మూడు కుక్కల్ని పంపాడు దేవుడు. నువ్వు నవ్వుకుంటావని ఆ ప్రింటు ముక్క ఇందులో పెట్టాను.

సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే మధ్యది ఉంచుతుంది, అంటే చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది. అది నాకిష్టం లేదు. నేను చేస్తే సూర్యుణ్ణి మొదటి దాంట్లోంచి, చెయ్యిని మూడో దాంట్లోంచి తీసుకుని, మిగతా చేతులూ కుక్కలూ చెరిపి, అతుకు తెలియకుండా శుభ్రంగా ఇస్తాను. ఎవరూ పట్టలేరు. అలా చెయ్యనా? ఈసారి తెలుగు టీచరులా రాయి. ఒక్క మాట కూడా జారిపోకూడదు.

సుజన


రేపల్లె
19 డిసెంబరు 2024

సుజనా,

ఒక్కదాన్నే చదివాను. పెరట్లో, బట్టలారేసే తీగ కింద కూర్చుని. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లోపలికొస్తే "ఏంటే, ఉల్లిపాయలా?" అన్నారు ఈయన. అవునన్నాను.

స్పష్టంగా రాస్తున్నాను, చదువుకో. నువ్వు నవ్వుకోమని పంపిన ఆ దయ్యాల ముక్కే నాకు కావాలి. ఏదీ చెరపొద్దు.

వెనక కట్టుకున్న ఆ మొదటి చెయ్యి నాకు తెలుసు, రెండేళ్ళ నుంచీ చూస్తున్నదే. గాల్లో లేచిన రెండో చెయ్యి కూడా నాకు తెలుసు. ఆ రోజు చర్చిలో ఈయన పాట ఆపడానికి సరిగ్గా అలాగే లేచింది. అప్పుడు లేచిన చెయ్యి అక్కడే ఉండిపోయింది సుజనా. ఇప్పుడు దిగింది. ఎక్కడ దిగిందో చూసుకోవడానికి అది ఎక్కడ నుంచి వచ్చిందో కూడా నాకు కనపడాలి. మూడోది ఒక్కటే ఉంచితే వాళ్ళు ఎప్పుడూ అలాగే ఉన్నారనుకుంటారు చూసినవాళ్ళు. నేను అలా అనుకోలేను, నాకు అక్కర్లేదు కూడా.

మీ నాన్న తనకి మూడు చేతులేంటని గోల చేస్తాడు. చెయ్యనీ. మీ మామయ్యకి చూపించాను. లెక్కపెట్టారు. "మీ అన్నయ్యకి చేతులు ఎక్కువయ్యాయే" అన్నారు. తర్వాత భుజం మీది దాని మీద వేలు పెట్టి, "ఇది మాత్రం అసలుదే, స్వెట్టరు సాగింది" అని బీరువాలోంచి ఆ స్వెట్టరు తీసి చూపించారు. నిజంగానే సాగింది. ఉతకొద్దన్నారు.

కుక్కల్ని కూడా ఉండనీ. ముగ్గురి ఫొటో అనే మాట లేకుండా పోతుంది.

పెద్దది వేసి ఫ్రేము కట్టించు, కానీ పంపకు. ప్రశాంతికీ ఇవ్వకు. మేమే వచ్చి తెచ్చుకుంటాం. 24వ తేదీ సాయంత్రం రైలుకి ఇద్దరం వస్తున్నాం. ఈయన పెరట్లో పాట సాధన మొదలుపెట్టారు, కోళ్ళు ప్రహరీ దాటి పోయాయి. ఈసారి పెదాలు కదిపే పని మీ నాన్నని చూసుకోమను.

ఇంకొక్కటి చెప్పు మీ నాన్నకి. మేమొచ్చేసరికి గుమ్మంలో నిలబడి "బావేడీ" అని నన్ను అడగమను. పక్కనే ఉన్నా సరే, అడగమను.

నీ రిబ్కా అత్తయ్య